జోనా లోము: తరచుగా అడిగే ప్రశ్నలు

రగ్బీ అంటే తెలియనివాళ్ళు కూడా విన్న పేరు న్యూజీలాండ్ ఆటగాడు జోనా లోము. విన్నది ఎక్కువగా ఒకే ముక్క: ఇంగ్లండ్ ఆటగాడిని తొక్కుకుంటూ పోయిన భారీ మనిషి అని. ఆ ఒక్క వీడియో చూసి అడిగే సందేహాలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్ళు నేరుగా వెళ్ళవచ్చు.

## చిన్నతనం, బడి

లోము న్యూజీలాండ్ వాడా, టోంగా వాడా?

రెండూ నిజమే. 1975 మే 12న ఆక్లండ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పసిఫిక్ దీవుల దేశం టోంగా నుంచి వచ్చినవాళ్ళు. పసితనంలో కొన్నేళ్ళు టోంగాలోని హాపాయి దీవుల్లో బంధువుల దగ్గర పెరిగి, తర్వాత దక్షిణ ఆక్లండ్‌లోని మాంగెరెకు తిరిగి వచ్చాడు. ఆక్లండ్ విమానాశ్రయం ఉన్నది ఈ మాంగెరెలోనే. అక్కడ దిగిన తెలుగువాళ్ళందరూ లోము పెరిగిన పేట పక్కనుంచి వెళ్ళినవాళ్ళే. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు అది, ఆ రోజుల్లో కుర్రాళ్ళ ముఠా గొడవలూ ఉండేవి. వాటికి దూరంగా ఉంచాలనే ఇంట్లోవాళ్ళు అతన్ని పుకెకోహె దగ్గరి వెస్లీ కాలేజీ అనే హాస్టలు బడిలో వేశారు.

రగ్బీ యూనియన్, రగ్బీ లీగ్ ఒకటే కాదా?

కాదు. యూనియన్‌లో జట్టుకు 15 మంది, లీగ్‌లో 13 మంది. లీగ్‌లో ఒక జట్టును ఆరుసార్లు పడగొడితే బంతి ఎదుటివాళ్ళకు పోతుంది. యూనియన్‌లో అలాంటి లెక్క లేదు. మనిషి కింద పడ్డాక బంతి కోసం రెండు వైపులవాళ్ళూ అక్కడే తోసుకుంటారు. ట్రైకి (ఎదుటివాళ్ళ గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే) యూనియన్‌లో 5 పాయింట్లు, లీగ్‌లో 4. లోము చిన్నప్పుడు ఆడింది లీగ్, యూనియన్‌కు మారింది వెస్లీ కాలేజీలో.

అంత భారీ మనిషిని వింగ్‌లో ఎందుకు పెట్టారు?

మొదట పెట్టలేదు. బడిలోనూ కుర్రాళ్ళ జట్లలోనూ అతను ఫార్వర్డే. అంటే స్క్రమ్‌లో (రెండు జట్లవాళ్ళూ గుంపుగా వంగి బంతి కోసం తోసుకునే చోట) తోసే ఎనిమిది మందిలో ఒకడు. ఎత్తు 1.96 మీటర్లు, బరువు 118–120 కిలోలు ఉన్నవాడికి సహజంగా దొరికే చోటు అదే. కానీ వెస్లీలో అతను పరుగు పందేల్లోనూ ముందుండేవాడు. ఆ వేగం గుంపులో తోపులాటకు ఖర్చయితే దండగ. వింగ్ అంటే మైదానం అంచు. లోముది ఎడమ అంచు, 11వ నంబరు జెర్సీ. అక్కడ బంతి తక్కువసార్లు వస్తుంది, వచ్చినప్పుడు మాత్రం ఎదురుగా ఒకరో ఇద్దరో మనుషులే ఉంటారు, పరిగెత్తడానికి జాగా ఉంటుంది. ఆ రోజుల్లో వింగర్లు సాధారణంగా 80–90 కిలోలు ఉండేవారు. ఈ మార్పు వల్ల ఆటలో ఆ స్థానం కొలతలే మారిపోయాయి.

## జాతీయ జట్టులో తొలి అడుగు: 1994

మొదటి టెస్ట్‌లోనే అదరగొట్టాడా?

లేదు, తేలిపోయాడు. (రగ్బీలో టెస్ట్ అంటే జాతీయ జట్ల మధ్య మ్యాచ్.) 1994 జూన్ 26న క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్రాన్స్ మీద తొలి టెస్ట్ ఆడేనాటికి అతని వయసు 19 ఏళ్ళ 45 రోజులు. ఆల్ బ్లాక్స్ (న్యూజీలాండ్ జాతీయ జట్టు) తరఫున టెస్ట్ ఆడినవాళ్ళలో అతనే పిన్నవాడు. అంతకుముందు ఆ రికార్డు 1905 నాటిది. ఫ్రాన్స్ 22–8తో గెలిచింది. వారం తర్వాత ఆక్లండ్‌లో రెండో టెస్ట్ కూడా 23–20తో గెలిచి సిరీస్ ఎగరేసుకుపోయింది. ఆ తర్వాత లోముకు జట్టులో చోటు పోయింది.

తప్పు ఎక్కడంటే, వింగర్ సగం పని బంతి లేనప్పుడు ఉంటుంది. ఎదుటి జట్టు బంతిని వెనక ఖాళీలోకి తంతుందేమో అని కొంచెం వెనక నిలబడాలి, పాస్ చేస్తుందేమో అని కొంచెం ముందుకు రావాలి. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో ఏళ్ళ తరబడి ఆడితేనే పడుతుంది. అప్పటిదాకా ఫార్వర్డ్‌గా పెరిగిన కుర్రాడికి ఆ లెక్క అందలేదు. ఫ్రాన్స్ సరిగ్గా ఆ ఖాళీల మీదే ఆడింది. పైగా 120 కిలోల మనిషి వెనక్కి తిరిగి మళ్ళీ వేగం అందుకోవడానికి సమయం పడుతుంది. ఈ బలహీనత తర్వాత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

## 1995 ప్రపంచకప్

1995లో ఏ జట్టు మీద ఎన్ని ట్రైలు చేశాడు?

మొత్తం 7. ఐర్లండ్ మీద 2, స్కాట్లండ్ మీద 1, సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ మీద 4. వేల్స్ మీద ఒక్కటీ లేదు. జపాన్‌ను 145–17తో చిత్తు చేసిన మ్యాచ్‌లో అతను ఆడనేలేదు. ఆడి ఉంటే ఎన్ని చేసేవాడో అని లెక్కలు వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ మ్యాచ్‌లో ఆరు ట్రైలు చేసిన సహచరుడు మార్క్ ఎలిస్‌కూ మొత్తం 7 రావడంతో ఇద్దరూ పై స్థానం పంచుకున్నారు.

ఇంగ్లండ్ ఆటగాడు మైక్ కాట్‌ను నిజంగానే తొక్కుకుంటూ పోయాడా?

పోయాడు. కానీ వీడియోను నెమ్మదిగా చూస్తే అది కేవలం బలప్రదర్శన కాదు. 1995 జూన్ 18, కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్ మైదానం, ఆట మొదలై కొద్ది నిమిషాలే అయింది. సహచరుడు గ్రేమ్ బాచప్ విసిరిన పొడవాటి పాస్ లోమును దాటి వెనక పడింది. అది నిజానికి చెడ్డ పాస్. లోము వెనక్కి తిరిగి బంతి అందుకుని ఇంగ్లండ్ వింగర్ టోనీ అండర్‌వుడ్‌ను బయటివైపు నుంచి దాటాడు. ఇంగ్లండ్ కెప్టెన్ విల్ కార్లింగ్ వెనకనుంచి కాలికి చెయ్యి తగిలించడంతో తూలాడు. అలా తూలుతూనే, పడిపోకుండా, ఎదురుగా నిలబడ్డ ఫుల్‌బ్యాక్ (అందరికన్నా వెనక చివరి కాపలా) కాట్ మీదికి వెళ్ళాడు. తూలుతున్న మనిషి ఎటు పోతాడో కాట్‌కు తెలిసే అవకాశం లేదు. నేరుగా వచ్చి ఉంటే కనీసం కాళ్ళు పట్టుకోవడానికి ప్రయత్నించేవాడు. మ్యాచ్ న్యూజీలాండ్ 45–29తో గెలిచింది.

అతన్ని పడగొట్టడం అంత కష్టమా? పద్ధతి ఏదీ లేదా?

పద్ధతి ఉంది, సమయం దొరకదు. 118 కిలోల మనిషి సెకనుకు 9 మీటర్ల వేగంతో వస్తే అతని ద్రవ్యవేగం (కిలోల్లో బరువును సెకనుకు మీటర్ల వేగంతో గుణిస్తే) 1,060 దాటుతుంది. అదే వేగంతో వచ్చే 85 కిలోల వింగర్‌కు అది 765. ఛాతీ ఎత్తున ఎదురెళితే ఢీకొన్నవాడే వెనక్కి పోతాడు. నడుము దగ్గర పట్టబోతే లోము చాచిన చెయ్యి ముందే తగులుతుంది. ఆ చెయ్యి పొడవు, బలం రెండూ ఎక్కువే.

పనిచేసే దారి రెండు మెట్లుగా ఉంటుంది. మొదటివాడు పక్కనుంచి వచ్చి మోకాళ్ళ కింద రెండు కాళ్ళనూ కలిపి బిగించాలి. రెండోవాడు అదే క్షణంలో పైన బంతి దగ్గర పట్టాలి. అంతకన్నా మంచిది అతను వేగం అందుకోకముందే, మొదటి మూడు నాలుగు అడుగుల్లోనే మీద పడటం. 1995లో చాలా జట్లు ఒక్క మనిషిని కాపలా పెట్టి ఊరుకున్నాయి. అక్కడే దెబ్బతిన్నాయి.

మరి ఫైనల్‌లో దక్షిణాఫ్రికా ఎలా ఆపింది?

లోమును ఆపడం కంటే లోముకు బంతి వెళ్ళే దారిని మూయడం మీద ఎక్కువ దృష్టి పెట్టింది. ఎదురు వింగర్ జేమ్స్ స్మాల్‌ను ఒంటరిగా వదలకుండా లోపలి డిఫెండర్లు కూడా ఆ వైపు జరిగారు, పాస్ చేతికందే లోపే లైను ముందుకొచ్చేసింది. స్క్రమ్-హాఫ్ (స్క్రమ్ నుంచి వచ్చిన బంతిని అందుకుని పంచేవాడు) జూస్ట్ వాన్ డెర్ వెస్ట్‌హైజెన్ వేగంగా వస్తున్న లోమును ఒక్కడే కింద పడగొట్టిన టాకిల్ ఆ రోజు పెద్ద మలుపుల్లో ఒకటి. జూన్ 24న జొహన్నెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్‌లో ఎవరూ ట్రై చేయలేదు. అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్‌స్కీ డ్రాప్ గోల్‌తో (బంతిని నేలమీద వదిలి, ఎగరగానే గోల్‌లోకి తన్నడం) దక్షిణాఫ్రికా 15–12తో గెలిచింది.

ఇంకో సంగతి. తన టెస్ట్ జీవితం మొత్తంలో లోము దక్షిణాఫ్రికా మీద ఒక్క ట్రై కూడా చేయలేదు.

ఫైనల్‌కు ముందు ఆల్ బ్లాక్స్‌కు విషం పెట్టారంటారు, నిజమా?

ఫైనల్‌కు ముందు జట్టులో చాలామందికి వాంతులు, విరేచనాలు అయిన మాట నిజం. ఎవరో కావాలని చేశారన్నది కోచ్ లారీ మెయిన్స్ ఆరోపణ. అది రుజువు కాలేదు.

## డబ్బు, ఒప్పందాలు

లోము వల్లే రగ్బీ ప్రొఫెషనల్ ఆట అయిందా?

అతనొక్కడి వల్లే అనడం అతిశయోక్తి. 1995 ఆగస్టు దాకా రగ్బీ యూనియన్ పేరుకు అమెచ్యూర్ ఆట, ఆడినందుకు జీతం ఇవ్వకూడదు. కానీ లీగ్ క్లబ్బులు డబ్బిచ్చి ఆటగాళ్ళను లాక్కుపోతున్నాయి. ఇంకోపక్క ఆస్ట్రేలియా మీడియా అధిపతి కెరీ ప్యాకర్ డబ్బుతో ఒక పోటీ సర్క్యూట్ పెట్టే ప్రయత్నం జరుగుతోంది. న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా బోర్డులు కలిసి రూపర్ట్ మర్డోక్ సంస్థతో పదేళ్ళకు 55 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదుర్చుకున్నట్టు ప్రపంచకప్ జరుగుతుండగానే ప్రకటించాయి. ఆగస్టు 26న పారిస్‌లో అంతర్జాతీయ బోర్డు నిషేధం ఎత్తేసింది.

ఒప్పందం సెమీఫైనల్ కన్నా ముందునుంచే నడుస్తోంది. లోము చేసింది వేరు. ఈ ఆటను చూడనివాళ్ళు కూడా టీవీ పెట్టి చూస్తారని ఆ నాలుగు ట్రైలతో తేలిపోయింది. అందుకే ఎవరు ఏ ఒప్పందం రాసుకున్నా అందులో ముందు వెతికిన పేరు అతనిది.

అమెరికన్ ఫుట్‌బాల్‌కి, లీగ్‌కి ఎందుకు వెళ్ళలేదు?

రెండు వైపుల నుంచీ పిలుపులు వచ్చాయి, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లస్ కౌబాయ్స్ పేరు బాగా వినిపించింది. అయినా అతను ఆల్ బ్లాక్స్‌తోనే ఉన్నాడు. అప్పటికి యూనియన్‌లోనూ జీతాలు మొదలయ్యాయి. ఆల్ బ్లాక్స్‌కు ఆడాలంటే న్యూజీలాండ్‌లో ఉండి ఆడాలన్నది అక్కడి బోర్డు పట్టుదల. బయటికి వెళితే నల్ల జెర్సీ పోతుంది.

## జబ్బుతో ఆడిన ఏళ్ళు

లోముకు వచ్చిన కిడ్నీ జబ్బు ఏమిటి?

నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీలోని వడపోత జాలీ దెబ్బతిని, రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలోకి పోతుంది. పెద్దవాళ్ళలో రోజుకు 3.5 గ్రాములు దాటితే వైద్యులు ఈ పేరు వాడతారు. మూత్రం నురగగా ఉంటుంది, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది, పాదాలు, కళ్ళ కింద వాపు వస్తుంది. రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. లోము విషయంలో ఇది 1995 ప్రపంచకప్ తర్వాత బయటపడింది. 1997 సీజన్‌లో ఎక్కువ భాగం చికిత్సకే పోయింది.

అంత జబ్బుతో టెస్ట్ రగ్బీ ఎలా ఆడగలిగాడు?

ఆడాడు గానీ ఏనాడూ నిండు శక్తితో ఆడలేదనే చెప్పాలి. మ్యాచ్ తర్వాత చిరిగిన కండ అతుక్కోవడానికి ప్రోటీన్ కావాలి, అది మూత్రంలో పోతోంది. కిడ్నీ దెబ్బతినే కొద్దీ రక్తహీనత వస్తుంది, దాంతో దమ్ము తగ్గుతుంది. ఈ జబ్బుకు మామూలుగా వాడే స్టెరాయిడ్లతో ఒళ్ళు బరువెక్కుతుంది, ఎముక, కండ బలహీనపడతాయి. ఇవి కండలు పెంచుకోవడానికి దొంగతనంగా వాడే స్టెరాయిడ్లు కావు. పేరు ఒకటే అయినా పని దాదాపు తలకిందులు.

వింగర్ కావడం కొంత కలిసొచ్చింది. ఆ స్థానంలో పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది: ఆరేడు సెకన్ల పరుగు, ఆ తర్వాత కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి. ఫార్వర్డ్‌గానే ఉండి ఉంటే 80 నిమిషాల తోపులాట అతని వల్ల అయ్యేది కాదు. అతని ట్రైల లెక్క చూసేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టుకోకపోతే మనిషి సగమే కనిపిస్తాడు.

శ్రీకాకుళం ఉద్దానంలో వచ్చే కిడ్నీ జబ్బు లాంటిదేనా ఇది?

కాదు. ఉద్దానంలో కనిపించేదానిలో మూత్రంలో ప్రోటీన్ తక్కువగా పోతుంది. వాపు లేకుండా, పెద్దగా లక్షణాలు లేకుండా ఏళ్ళ తరబడి కిడ్నీ కుంచించుకుపోతుంది. నెఫ్రోటిక్ సిండ్రోమ్ గుర్తే విపరీతంగా ప్రోటీన్ పోవడం, వాపు. చివరికి డయాలసిస్ దాకా వస్తే మాత్రం రెంటి బాధా ఒకటే.

1999 ప్రపంచకప్‌లో ఎలా ఆడాడు?

1995 కన్నా ఒక ట్రై ఎక్కువే, 8. టోంగా మీద 2, ఇంగ్లండ్ మీద 1, ఇటలీ మీద 2, స్కాట్లండ్ మీద 1, సెమీఫైనల్‌లో ఫ్రాన్స్ మీద 2. ఆ సెమీఫైనల్‌లో 24–10 ఆధిక్యం నుంచి న్యూజీలాండ్ 43–31తో ఓడిపోయింది. మూడో స్థానం మ్యాచ్ కూడా దక్షిణాఫ్రికాకు పోయింది.

సెవెన్స్ కూడా ఆడాడా? హైదరాబాద్ హీరోస్ ఆడేది అదేనా?

అవును, రెండింటికీ. సెవెన్స్‌లో జట్టుకు ఏడుగురే, సాధారణంగా సగానికి ఏడు నిమిషాలు, మైదానం మాత్రం పదిహేను మంది ఆడేంత. 2025లో మొదలైన మన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడింది ఈ పొట్టి ఆటే. లోము 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ స్వర్ణం గెలిచాడు. 2001లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో సెవెన్స్ ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు, ఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద మూడు ట్రైలు చేశాడు. కాబట్టి "లోము ప్రపంచకప్ గెలవలేదు" అనేది పదిహేను మంది ఆటకే వర్తిస్తుంది.

చివరి టెస్ట్ ఎప్పుడు?

2002 నవంబరు 23, కార్డిఫ్‌లో వేల్స్ మీద. రెండు వారాల ముందు ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద రెండు ట్రైలు చేశాడు. వయసు 27. ఒక వింగర్ ఫామ్‌లో ఉండాల్సిన వయసది.

## డయాలసిస్, మార్పిడి, తిరిగి రావడం

డయాలసిస్ మీద ఉంటూ ఆడలేడా?

2003 మే నెలలో, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. ఒక్కో విడత సాధారణంగా నాలుగు గంటలు. ఆ పూట నీరసంగా ఉంటుంది, మరుసటి రోజుకు కాస్త తేరుకునే సరికి మళ్ళీ వంతు వస్తుంది. మధ్యలో తాగే నీళ్ళకూ, తినే ఉప్పుకూ, పండ్లకూ లెక్క ఉంటుంది. పెద్ద ఒళ్ళున్న మనిషికి మలినాలు ఎక్కువ తయారవుతాయి కాబట్టి అదే డయాలసిస్ అతనికి చాలదు. లోముకు పాదాల్లో, కాళ్ళలో నరాలు దెబ్బతిన్నాయి. త్వరగా కిడ్నీ మార్చకపోతే చక్రాల కుర్చీయే గతి అని వైద్యులు హెచ్చరించారు. ఆట మాట దేవుడెరుగు, నడకే కష్టమైన రోజులవి.

కిడ్నీ ఎవరిచ్చారు?

వెల్లింగ్టన్ రేడియో ప్రజెంటర్ గ్రాంట్ కెరియామా. చుట్టం కాదు, స్నేహితుడు. ఆపరేషన్ 2004 జూలైలో జరిగింది.

మార్పిడి చేసిన కిడ్నీతో రగ్బీ ఆడటం ప్రమాదం కాదా?

ప్రమాదమే. మన సొంత కిడ్నీలు వెనకవైపు, పక్కటెముకల చాటున ఉంటాయి. మార్పిడి చేసినదాన్ని మామూలుగా పొత్తికడుపులో ఒక పక్కన, చర్మానికి దగ్గరగా పెడతారు. మోకాలు తగిలినా, ఎవరైనా మీద పడినా అడ్డు ఉండదు. అందుకే చాలామంది వైద్యులు ఢీకొనే ఆటలు వద్దంటారు. దీనికి తోడు, శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు వాడాలి. అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. మైదానంలో గీరుకుపోయిన చిన్న పుండు కూడా ముదరవచ్చు.

మార్పిడి తర్వాత ఎక్కడెక్కడ ఆడాడు?

2005 జూన్‌లో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ మార్టిన్ జాన్సన్ వీడ్కోలు మ్యాచ్‌తో మైదానంలోకి వచ్చాడు. ట్రై చేశాడు, భుజం దెబ్బతీసుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరు నుంచి వేల్స్‌లో కార్డిఫ్ బ్లూస్‌కు ఆడాడు. 2006లో ఇంటికొచ్చి నార్త్ హార్బర్ ప్రాంత జట్టు తరఫున దిగాడు. 2007 ప్రపంచకప్ జట్టులోకి రావాలన్నది కోరిక, కానీ సూపర్ 14 (న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జట్ల లీగ్) ఒప్పందమే దొరకలేదు. 2009–10లో ఫ్రాన్స్ దిగువ డివిజన్‌లో మార్సెయ్ విట్రోల్ జట్టుకు ఆడి ముగించాడు. పాత వేగం తిరిగి రాలేదు. మార్పిడి అయిన మనిషి ఆ స్థాయిలో మళ్ళీ ఢీకొనే ఆట ఆడటమే విశేషం, అంతకుమించి చెబితే అభిమానం అవుతుంది.

ఎలా చనిపోయాడు?

2015 నవంబరు 18న ఆక్లండ్‌లో, 40 ఏళ్ళకే, హఠాత్తుగా. మార్చిన కిడ్నీ 2011లో పనిచేయడం మానేసింది, అప్పటినుంచీ మళ్ళీ డయాలసిస్ మీదే ఉన్నాడు. ఇంగ్లండ్‌లో ప్రపంచకప్ కార్యక్రమాలు చూసుకుని, దారిలో దుబాయ్‌లో ఆగి, ముందు రాత్రే కుటుంబంతో ఇల్లు చేరాడు. నవంబరు 30న ఈడెన్ పార్క్ మైదానంలో సంతాప సభ జరిగింది. ఇద్దరు కొడుకుల కోసం ఆటగాళ్ళ సంఘం ట్రస్టు పెట్టింది.

## లెక్కలు, చూడాల్సిన మ్యాచ్‌లు

మొత్తం ఎన్ని టెస్టులు, ఎన్ని ట్రైలు? రికార్డులు ఇంకా ఉన్నాయా?

63 టెస్టులు, 37 ట్రైలు. ప్రపంచకప్‌లలో 11 మ్యాచ్‌ల్లో 15 ట్రైలు. ఈ 15ను 2015లో దక్షిణాఫ్రికా వింగర్ బ్రయాన్ హబానా సమం చేశాడు. ఒకే పురుషుల ప్రపంచకప్‌లో 8 ట్రైల లెక్కను హబానా 2007లో, జూలియన్ సవేయా 2015లో, విల్ జోర్డాన్ 2023లో అందుకున్నారు.

అతని ఆట తెలుసుకోవాలంటే ఏ మ్యాచ్ చూడాలి?

ఇంగ్లండ్ సెమీఫైనల్ అందరూ చూస్తారు. దానికన్నా 2000 జూలై 15న సిడ్నీలో ఆస్ట్రేలియాతో ఆడిన మ్యాచ్ పూర్తిగా చూడండి. 1,09,874 మంది ప్రేక్షకులు. న్యూజీలాండ్ మొదటి నిమిషాల్లోనే 24–0కు వెళ్ళింది, విరామానికి ఆస్ట్రేలియా 24–24 చేసింది. చివర్లో లోము ఎడమ అంచు వెంట, గీతకు ఒక్క అడుగు లోపల కాళ్ళు పడేలా చూసుకుంటూ ఆస్ట్రేలియా ఆటగాడు స్టీఫెన్ లార్కమ్‌ను దాటి ట్రై చేశాడు. 39–35. అంత బరువుతో ఆ వేగంలో అడుగు అదుపు తప్పకపోవడం అందులో గమనించాలి. అతని లోపాలు చూడాలనుకుంటే 1994 క్రైస్ట్‌చర్చ్ మ్యాచ్ పెట్టుకుని, బంతి అవతలి అంచున ఉన్నప్పుడు 11వ నంబరు ఎక్కడ నిలబడ్డాడో మాత్రమే చూడండి.